గాలికుంటు తగ్గాక మొదలయ్యే నష్టం: పలమనేరు వైపు ఒక ఇంటి లెక్క

గాలికుంటు (పశువుల నోట్లో, గిట్టల మధ్య పుండ్లు పడే అంటువ్యాధి) వచ్చిపోయిన ఇంట్లో ఎంత నష్టపోయావని అడిగితే రైతు ముందు చచ్చిన దూడ సంగతి చెప్తాడు, తర్వాత మందుల ఖర్చు చెప్తాడు. కాస్త ఆగితే ఆ పదిహేను రోజుల పాల బిల్లు గుర్తొస్తుంది. మేం పశువైద్యులం రాసుకునేది కూడా దాదాపు అంతే. ఎన్ని పశువులకు వచ్చింది, ఎన్నింటికి వైద్యం చేశాం, ఎన్ని చనిపోయాయి. ఈ కేసులో రైతు చెప్పిన అంకెలన్నీ కలిపినా అసలు నష్టంలో మూడో వంతుకు చేరలేదు. మిగతాది ఎక్కడ దాక్కుందో, దాన్ని ఎలా బయటికి తీశానో వివరంగా రాస్తున్నాను.

ఊరు చిత్తూరు జిల్లా పడమటి వైపు, పలమనేరు దగ్గర. ఊరి పేరు, రైతు పేరు రాయను. ఇంట్లో భార్యాభర్తలు ఇద్దరే, పిల్లలు బెంగళూరులో. అర ఎకరం టమాటా, కొంచెం రాగి, పశుగ్రాసం. టమాటా ధరను నమ్ముకుని ఇల్లు నడపలేరు కాబట్టి నెల ఖర్చంతా పాల బిల్లు మీదే. సంకరజాతి ఆవులు నాలుగు. ఎర్రావు రెండో ఈత, ఈని రెండు నెలలు, రోజుకు 14 లీటర్లు. దాని కింద పెయ్యదూడ. మచ్చలావు ఈని ఐదు నెలలు, 9 లీటర్లు, రెండున్నర నెలల చూడి. బుడ్డావు ఈని ఎనిమిది నెలలు, 5 లీటర్లు, ఐదు నెలల చూడి. పెద్దావు ఒట్టిపోయి ఉంది, ఎనిమిదో నెల చూడి. అంటే వ్యాధి రాకముందు ఇంటికి రోజుకు 28 లీటర్లు. పాల కేంద్రంలో వెన్న, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాక పాలలో ఉండే ఘనపదార్థం) చూసి కట్టిన ధర సగటున లీటరుకు 34 రూపాయలు పడుతోంది.

చలికాలంలో పక్క వీధికి సంత నుంచి ఒక ఆవు వచ్చింది. వారం తిరిగేసరికి అది చొంగ కార్చడం మొదలుపెట్టింది. ఈ వైరస్ ఒంట్లో చేరాక లక్షణాలు బయటపడటానికి రెండు రోజుల నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. అందుకే సంతలో పశువు నిగనిగలాడుతూ కనిపించడం ఏమీ వింత కాదు. ఆ తర్వాత మా రైతు కొట్టంలోనూ మొదలైంది. 105 డిగ్రీల జ్వరం, నాలుక మీద బొబ్బలు, గిట్టల మధ్య పుండ్లు, పెదవులు చప్పరిస్తున్న శబ్దం. ఎర్రావుకు చన్నుల మీద కూడా బొబ్బలు లేచాయి. నాలుక పై పొర ముక్క తీసి పరీక్షకు పంపితే ‘ఓ’ రకం వైరస్ అని వచ్చింది. మన దేశంలో తిరిగే ఓ, ఎ, ఏషియా-1 రకాల్లో ఎక్కువగా దొరికేది అదే.

టీకా సంగతి ఇక్కడే చెప్పాలి, లెక్కలో దానితో పని పడుతుంది. 2019 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమం కింద గాలికుంటు టీకా ఆరు నెలలకోసారి ఉచితంగా వేస్తున్నాం. అంతకుముందు విడతలో ఈ ఇంట్లో పెద్దావుకు ఒక్కదానికే వేయించారు. ఎర్రావు అప్పుడు చూడిది, ‘చూడావుకు సూదొద్దు’ అన్నారు. మిగతా రెండూ మంచి పాల మీద ఉన్నాయి, ‘పాలు తగ్గిపోతాయి సార్’ అన్నారు. వ్యాధి వచ్చినప్పుడు పెద్దావుకు గిట్టల దగ్గర మాత్రం కొంచెం పుండు పడింది, మూడో రోజుకే మేత పట్టింది. ఒక్క ఆవును చూపించి టీకా పనితనం రుజువైందని నేననను. ఆ ఇంటి ఆడమనిషి మాత్రం తీర్పు చెప్పేసింది.

వైద్యం గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. ఈ వైరస్‌ను చంపే మందు లేదు. పొటాషియం పర్మాంగనేట్ నీళ్లతో నోరు, గిట్టలు కడగడం, నాలుకకు బోరిక్ గ్లిజరిన్, గిట్టల పుండ్లలో పురుగు పడకుండా వేపనూనె, జ్వరానికి ఇంజెక్షన్, పుండ్లు చీము పట్టకుండా యాంటీబయాటిక్. గడ్డి నమలలేని ఆవులకు రాగి అంబలి తాగించారు. మందులు కాపాడిన దానికంటే ఆ అంబలే ఎక్కువ కాపాడిందని నాకనిపిస్తుంది. ఐదో రోజు పొద్దున పెయ్యదూడ లేచి నాలుగడుగులు వేసి పడిపోయింది. దూడల్లో ఈ వైరస్ గుండె కండరాన్ని పట్టుకుంటుంది, నోట్లో ఒక్క పుండు లేకుండానే పోతాయి.

రెండు వారాలకు ఆవులు నాలుగూ మేత మేస్తున్నాయి. రైతు అన్న మాట: “ఇరవై వేలు పోయింది సార్. పోతే పోయింది, ఆవులు బతికినాయి.” ఆ ఇరవై వేలు ఎలా వచ్చాయని కూడి చూశాను. పదిహేను రోజుల బిల్లులో తగ్గింది 10,200, దూడ 5,000, మందులు, రాకపోకలు 6,500. మొత్తం 21,700. చేతి లెక్కే అయినా తప్పేం లేదు. అయితే ఇది ఆగిపోయిన చోటే అసలు నష్టం మొదలైంది.

వ్యాధి నష్టం కొలవడంలో మొదటి చిక్కు, ‘వ్యాధి రాకపోయి ఉంటే’ అన్న మాటకు అంకె పెట్టడం. వచ్చిన పాలు పాల కేంద్రం పాస్‌బుక్‌లో ఉన్నాయి. రావలసిన పాలు ఎక్కడా రాసి లేవు. చాలామంది వ్యాధికి ముందు రోజు పాలను అలాగే చివరిదాకా లాగి తేడా తీస్తారు. అది రైతుకు అనుకూలంగా చేసిన పొరపాటు. ఆవు ఎలాగూ ఈనిన రెండో నెల దాటాక నెలనెలా తగ్గుతూనే వస్తుంది. మా ప్రాంతం సంకరజాతి ఆవుల్లో నెలకు ఏడెనిమిది శాతం తగ్గుదల వేసుకుంటే సరిపోతుంది. కాబట్టి ఎర్రావుకు 14 నుంచి మొదలై మెల్లగా కిందికి దిగే గీత ఒకటి వేశాను. వచ్చిన పాలను ఆ గీతతో పోల్చాను. అదే నెలల్లో వ్యాధి సోకని నాలుగైదు ఇళ్ల పాస్‌బుక్‌లు కూడా చూశాను. ఎందుకంటే ఆ చలికాలం గడ్డికి కరువేమన్నా ఉంటే, ఆ తగ్గుదలను కూడా గాలికుంటు నెత్తిన వేసేస్తాం. వాళ్ల పాలు మామూలుగానే ఉన్నాయి.

రెండో చిక్కు, పాస్‌బుక్‌లో ఇంటి పాలు ఉంటాయి తప్ప ఆవు పాలు ఉండవు. ఏ ఆవు ఎంత ఇస్తుందో రైతుకు సరిగ్గా తెలియదు, ఆయన క్యాను కేంద్రానికి మోసే మనిషి. పిండేది ఆయన భార్య. స్టీలు బకెట్ లోపల సొట్ట ఒకటుంది. ఎర్రావు పాలు పొద్దున ఆ సొట్ట దాకా వచ్చేవట, ఇప్పుడు సొట్టకు కిందే ఆగుతున్నాయని చేత్తో చూపించింది. నేను ఆ గుర్తుల దాకా నీళ్లు పోసి కొలిచాను. మూడు ఆవులకు ఆమె చెప్పిన గుర్తులు కూడితే పాస్‌బుక్‌ అంకెకు, ఇంట్లో ఉంచుకునే పాలకు లీటరు తేడాలో వచ్చింది. పశునష్టం సర్వేల్లో ఇంటి యజమానిని అడిగి వచ్చేవాళ్లు ఈ ఒక్క పని చేస్తే చాలు, అంకెల నాణ్యత సగం బాగుపడుతుంది.

దూడ వల్ల ఇంకో మెలిక. అది రోజుకు రెండు లీటర్లు తాగేది. చచ్చాక ఆ రెండు లీటర్లూ బకెట్‌లోకి రావాలి. అంటే పాస్‌బుక్‌లో కనిపించే తగ్గుదల కంటే పొదుగులో జరిగిన తగ్గుదల ఎక్కువ. రూపాయల్లో మాత్రం నేను కేంద్రానికి చేరిన పాలనే పట్టుకున్నాను, దూడకు 5,000 విడిగా వేశాను కాబట్టి. మగదూడ అయి ఉంటే? సంకరజాతి మగదూడకు ఇక్కడ కొనేవాడు లేడు. వ్యాధి అదే, చావు అదే, లెక్కలో మాత్రం దాదాపు సున్నా పడేది.

ఇక పాల లెక్క. మొదటి పదిహేను రోజుల్లో ఎర్రావుకు సగటున రోజుకు 9 లీటర్లు, మచ్చలావుకు 6 తగ్గాయి, బుడ్డావు పూర్తిగా ఎండిపోయి 5 పోయాయి. రోజుకు 20 చొప్పున 300 లీటర్లు. రైతు చెప్పిన 10,200 ఇదే. ఆ తర్వాత ఎర్రావు 10 లీటర్లకు తేరుకుని అక్కడే ఆగిపోయింది. చన్ను మీద బొబ్బ చితికి పొదుగువాపు వచ్చింది, ఒక చన్ను మూసుకుపోయింది. మిగిలిన పాడి కాలం 230 రోజులు, రావలసిన దానికీ వచ్చిన దానికీ తేడా సగటున రెండున్నర లీటర్లు, అంటే 575 లీటర్లు. మచ్చలావు ఒట్టిపోవాల్సిన తేదీ దాకా 120 రోజులు, లీటరున్నర చొప్పున 180. బుడ్డావును ఇంకో 45 రోజులు పిండుకునేవాళ్లు, నాలుగు లీటర్ల చొప్పున మరో 180. మొత్తం 935 లీటర్లు, 31,790 రూపాయలు. కళ్లెదుట చొంగ కారుతూ కనిపించిన పదిహేను రోజుల కంటే, ‘తగ్గిపోయింది’ అని అందరం అనుకున్న తర్వాతి నెలల్లో పోయిన పాలు మూడు రెట్లు.

ధర గురించి ఒక మాట. జ్వరంలో పాలు తగ్గినప్పుడు వెన్న శాతం పెరిగినట్టు కనిపించి లీటరు రేటు ఎక్కువ పడింది. ఆ రేటుతో లెక్కేస్తే నష్టం తారుమారు అవుతుంది కాబట్టి పాత సగటు 34 రూపాయలనే మొదటి నుంచి చివరిదాకా వాడాను. యాంటీబయాటిక్ ఇచ్చిన రోజుల పాలు కేంద్రానికి పోయకూడదు. పారబోశారా అని అడిగితే నవ్వి ఊరుకున్నారు. పారబోసి ఉంటే నష్టం ఇంకా పెరిగేది. నిజాయితీగా ఉన్నవాడికి నష్టం ఎక్కువ చూపించే లెక్క ఇది, ఏం చేస్తాం.

నష్టం రాసినట్టే మిగులు కూడా రాయాలి. ఆవు మేయని రోజుల్లో దాణా మిగిలింది. బుడ్డావుకు ఆ రెండు నెలలూ దాణా ఆపేశారు, 120 కిలోలు. మిగతా రెండింటికీ మొదటి పది రోజుల్లో 80 కిలోలు. కిలో 24 రూపాయల చొప్పున 4,800 తీసేశాను. పుస్తకాల్లో ‘రెండున్నర లీటర్ల పాలకు కిలో దాణా’ అని ఉంటుంది, పోయిన పాలన్నిటికీ ఆ లెక్కన దాణా మిగిలిందని రాసేవాళ్లున్నారు. ఈ ఇంట్లో అలా జరగలేదు. ఎర్రావు మళ్లీ పాలు పెంచుతుందేమోనన్న ఆశతో నెలల తరబడి పాత కొలతే పెట్టారు. రైతు నిజంగా మిగుల్చుకున్నదే తీసేయాలి, మిగుల్చుకోగలిగేది కాదు. కడగడం, పూయడం, తాగించడం పనికి పూటకు 150 రూపాయల కూలి కట్టి పదిహేను రోజులకు 2,250 వేశాను. ఆమె దీన్ని పనిగానే లెక్కపెట్టలేదు. ఆ పూటలన్నీ టమాటా తోటకు కూలి మనిషిని పెట్టుకున్నారు.

ఇప్పుడు ఎద సంగతి. నా దృష్టిలో కేసంతా ఇక్కడే ఉంది. దీన్ని చూడాలంటే రెండో వారంలో ఫైలు మూసేయకుండా ఏడాది దాకా ఆ కొట్టం తొక్కుతూనే ఉండాలి. మచ్చలావుకు చూడి నిలవలేదు. చూడి కట్టిందని వ్యాధికి ముందే నేను చెయ్యి పెట్టి చూసి రాసుకున్నాను, లేకపోతే ఈ నష్టం ఎవరికీ తెలిసేది కాదు. ‘ఎద తిరిగింది’ అనుకుని మళ్లీ చూడి కట్టే సూది వేయించేవాళ్లు, అంతే. మళ్లీ చూడి కట్టడానికి నాలుగు నెలలు పట్టింది. పోయిన రెండున్నర, పట్టిన నాలుగు కలిపి ఆరున్నర నెలలు, 195 రోజులు వెనక్కి పోయింది. ఎర్రావు కిందటి ఈతలో నాలుగో నెలకే కట్టింది. ఈసారి ఏడో నెల దాటింది, అంటే వంద రోజుల ఆలస్యం. వేసవి వచ్చేసరికి అది నీడలో కూడా నాలుక చాపి రొప్పేది, వెంట్రుకలు గరుకుగా పెరిగిపోయాయి. గాలికుంటు తగిలిన పశువుల్లో కొన్ని ఇలా ఎండను తట్టుకునే గుణాన్ని పోగొట్టుకుంటాయి.

వెనక్కి పోయిన రోజుకు ధర ఎంత? కొందరు రావలసిన దూడ, తర్వాతి ఈత పాలు, ఆవు ధర తగ్గుదల అన్నీ కూడేస్తారు. ఒకే నష్టానికి మూడు పేర్లు పెట్టి మూడుసార్లు రాయడం అది. సంతలో ఆవుకు పలికే ధర అంటేనే అది ఇవ్వబోయే పాలకు, దూడలకు కొనేవాడు ముందే కట్టిన వెల. నేను ఒక్కటే పట్టుకున్నాను: పాలు లేకుండా అదనంగా మేపిన రోజు ఖర్చు. ఊళ్లో గడ్డి అమ్మే ధరకు సొంత గడ్డిని కూడా కట్టి, రోజుకు 110 రూపాయలు వేశాను. ఎర్రావు వంద రోజులకు 11,000. మచ్చలావు 195 రోజులకు 21,450. అయితే చూడి లేకపోవడంతో మచ్చలావును అనుకున్న దానికంటే వంద రోజులు ఎక్కువ పిండుకున్నారు, రోజుకు మూడు లీటర్లు. ఆ పాలకు 10,200 వచ్చింది, దాణాకు 3,600 పోయింది. మిగిలిన 6,600 తీసేస్తే మచ్చలావుకు 14,850. రెండూ కలిపి 25,850.

అన్నీ కూడితే: పాలు 41,990, దూడ 5,000, మందులు 6,500, శ్రమ 2,250, ఈత ఆలస్యం 25,850. ఇందులో దాణా 4,800 తీసేస్తే 76,790 రూపాయలు. ఎర్రావుకు చన్ను పోవడంతో సంత ధర పన్నెండు వేలు పడిపోయిందని బేరగాడు చెప్పాడు. దాన్ని మొత్తంలో కలపలేదు, పక్కన రాశాను, అమ్మితే అప్పుడు చూద్దామని.

ఈ అంకెను ఎవరైనా గట్టిగా లాగి చూడొచ్చు, నేనూ లాగాను. మేత ఖర్చు 110 కాదు 80 అనుకుంటే మొత్తం 68,000 దగ్గరికి దిగుతుంది. దానిమీద ఎర్రావు పాల తేడాను రెండు లీటర్లకు కుదిస్తే 64,000. ఎంత పిసినారిగా వేసినా అంతకంటే కిందికి దిగలేదు. రోజుకు 28 లీటర్లు, లీటరు 34 లెక్కన వాళ్ల నెల పాల రాబడి ఇరవై ఎనిమిది వేల పైచిలుకు, అందులో సగానికి పైగా దాణాకే పోతుంది. అంటే రెండు నెలల రాబడికి మించిన దెబ్బ, ఏడాది పొడుగునా కొంచెం కొంచెంగా. ఒక్కసారి తగిలి ఉంటే గుండె జారిపోయేది. చిన్న చిన్నగా పోవడం వల్లే ‘ఇరవై వేలు’ అని సర్దుకోగలిగారు.

పాలు తగ్గుతాయని టీకా వద్దన్నారు కదా. ఆవుకు రోజుకు లీటరు చొప్పున మూడు రోజులు తగ్గుతుందనుకుందాం. మూడు ఆవులకు 9 లీటర్లు, 306 రూపాయలు. టీకా వేయించి ఉంటే 76,790 మొత్తం మిగిలేదని అనను. మొదటిసారి వేసినప్పుడు బూస్టర్ పడకపోతే రక్షణ బలంగా ఉండదు, ఐదో నెలకు సన్నగిల్లుతుంది కూడా. కానీ అందులో పదో వంతు తప్పించినా 7,600 పైన. అప్పటి నుంచి టీకా బృందంతో వెళ్లినప్పుడు నేను వ్యాధి బొమ్మలు చూపించడం మానేసి ఈ రెండు అంకెలు చెప్తున్నాను. ఆడవాళ్లు వింటున్నారు. మగవాళ్లు ‘మా ఊరికి రాదులే సార్’ అంటున్నారు.

ఈ ఇంటి అంకెను ఊళ్లో ఆవుల సంఖ్యతో గుణించి ఊరి నష్టం అనకూడదు. అదే ఊళ్లో నాటు ఆవులకు వచ్చి వారంలో పోయింది. వాటి పాలు ఇంటికే సరి, కేంద్రంలో వాటి జాడే లేదు. దుక్కిటెద్దులకు వస్తే పాల లెక్క సున్నా, కానీ అదును తప్పితే పంటే పోతుంది. గొర్రెలకు పైకి తెలియకుండానే వచ్చిపోతుంది. పశువు రకం, ఈనిన నెల, చూడి నెల బట్టి నష్టం మారిపోతుంది. దేశం మొత్తానికి గాలికుంటు వల్ల ఏటా ఇరవై వేల కోట్ల రూపాయలకు పైగా నష్టమని తరచూ వినిపిస్తుంది. అలాంటి అంకె విన్నప్పుడల్లా నేను ముందు అడిగేది, ఈత ఆలస్యం కలిపారా, కలిపితే ఎన్ని రోజులు వేశారని. ఆ ఒక్క అంకె అటూ ఇటూ అయితే వేల కోట్లు కదులుతాయి.

దేశాన్ని బట్టి కూడా నష్టం రూపం వేరు. 2001లో బ్రిటన్‌లో ఇదే వ్యాధి వస్తే అరవై లక్షలకు పైగా పశువులను చంపేశారు. ప్రభుత్వానికి 300 కోట్ల పౌండ్లు, ప్రైవేటు రంగానికి 500 కోట్ల పౌండ్లు దాటిపోయింది. పల్లెలకు జనాన్ని రానివ్వకపోవడంతో పర్యాటకులను నమ్ముకున్నవాళ్లు దెబ్బతిన్నారు. అక్కడ నష్టంలో ఎక్కువ భాగం వ్యాధిని తరిమేయడానికి అయిన ఖర్చు, పల్లెలు మూసేయడంతో పర్యాటకానికి తగిలిన దెబ్బ. మన దగ్గర వ్యాధితో కలిసి బతకడానికి అవుతున్న ఖర్చు. పశువ్యాధుల అర్థశాస్త్రంలో నష్టాన్ని, నివారణకు పెట్టే ఖర్చును విడివిడిగా రాసి కూడమంటారు. వ్యాధి ఖర్చంటే ఆ రెండూ కలిపి. మొత్తం ఎంతన్నది ముఖ్యమే. నివారణ మీద ఇంకో రూపాయి పెడితే నష్టం ఎన్ని రూపాయలు తగ్గుతుందన్నది అంతకంటే ముఖ్యం. లివర్‌పూల్ విశ్వవిద్యాలయం, ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థ కలిసి నడుపుతున్న జీబ్యాడ్స్ (ప్రపంచ పశువ్యాధుల భారం లెక్కగట్టే) కార్యక్రమం వ్యాధులే లేని ఆదర్శ పరిస్థితితో పోల్చి మొత్తం లోటును కొలుస్తోంది. ఆలోచన బాగుంది. ఆదర్శ పరిస్థితి అంటే ఎంత దాణా, ఎంత పాలు అన్నది మాత్రం చివరికి ఇలాంటి కొట్టాల్లో బకెట్ పట్టుకుని తేల్చుకోవాల్సిందే.

ఈ కేసు తర్వాత నా నోట్‌బుక్ మారింది. గాలికుంటు వచ్చిన ప్రతి ఆవుకు ఈనిన తేదీ, చూడి నెల, వ్యాధికి ముందటి పాలు మొదటి రోజే రాసుకుంటున్నాను, తర్వాత అడిగితే ఎవరికీ గుర్తుండవు. మూడో నెలలో ఒకసారి, చూడి కట్టినప్పుడు ఒకసారి అదే పేజీకి తిరిగి వస్తాను. బీమా దరఖాస్తు మాత్రం మారలేదు. అది చనిపోయిన పశువుకే డబ్బు ఇస్తుంది. ఈ ఇంట్లో చనిపోయింది ఒక్క దూడ, దానికి బీమా లేదు. ఎర్రావు మళ్లీ ఈనే నెల దగ్గర పడుతోంది. మూడు చన్నులతో ఎంత ఇస్తుందో చూశాక పక్కన రాసిన ఆ పన్నెండు వేలను కొట్టేయాలో, మొత్తంలో కలపాలో తేలుస్తాను.